ఏడో నిమిషం

సిన్‌చూలో గాలికి సెలవు లేదు.
వెదురు చట్రాల మీద బియ్యపు సేమ్యా ఆరబెట్టి
అదే చేత్తో వచ్చి
హోటలు ముందు మా బ్యానర్ని చెంపలు వాయిస్తోంది.
"సింహాసనం ఖాళీ చెయ్యండి" అని ఉంది దాని మీద,
ఒక్కో అక్షరం నాకంటే పొడుగు.

లోపల గ్రాఫులు నిలబెట్టారట.
మాది ఆకాశం, పెద్ద కంపెనీది అరుగు.
పక్కన అంకెలు ఎవరూ వెయ్యలేదు.
చప్పట్లకి అంకెలతో పనేముంది?

నేను సభకి వెళ్లలేదు.
నాలుగో అంతస్తులో, కిటికీ లేని గదిలో
ఫోను వీపుకి వేడి కొలిచే తీగ అంటించి కూర్చున్నాను.
మెషిన్ నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం.
అదుంటే యంత్రాలు మారాం చెయ్యవని ఇక్కడి నమ్మకం.
గడువు దాటితే పనిచెయ్యదట,
నిన్ననే కొత్తది పెట్టాను.

మొదటి నిమిషం, గుర్రం.
రెండు, మూడు, గుర్రమే.
పక్క బల్ల మీద వాళ్ల చిప్పు, పోయినేటిది,
బియ్యం బస్తా మోసేవాడిలా
తల వంచుకుని నడుస్తోంది.
ఐదు. వేలికి చురుక్కుమంది.
ఏడో నిమిషంలో మా గుర్రం
ఎవరూ చూడట్లేదనుకుని
మెల్లగా నడక మొదలెట్టింది.

ఫాంగ్ వచ్చి తెర వంక చూశాడు.
పదకొండేళ్లు అక్కడ చేసి వచ్చినవాడు.
"కొత్త బిచ్చగాడు పొద్దెరగడు," అన్నాడు.
"వాళ్ల మొదటి చిప్పు జేబు కాల్చింది తెలుసా?
నా జేబే. మచ్చ ఇంకా ఉంది."
చూపించబోయి, ఎవరితో ఉన్నాడో గుర్తొచ్చి
టీ తాగాడు.

రెండూ ఒకే పొయ్యిలో కాలినవే.
రోడ్డుకవతల ఫ్యాక్టరీలో, ఒకే రాత్రి షిఫ్టులో,
కళ్లు తప్ప ఏదీ కనపడని తెల్లబట్టల మనుషులు
ఏ పళ్లెం ఎవరిదో అడగకుండా మోశారు.
అందులో మా చెల్లెలూ ఒకతి.
ఇంటికొచ్చి అడుగుతుంది, ఎవరు గెలుస్తున్నారని.
కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని.

హోటలు నుంచి మెసేజ్.
"వెన్-ఛీ, గ్రాఫు ఆరు నిమిషాల దాకా చాలు."
పది నిమిషాలదీ పంపాను.
ధైర్యం కాదు. కత్తిరించడం
నాకు చాతకాలేదు, అంతే.

తీగ పీకి, ఫోను చేతిలో పట్టుకుని
మెట్ల తలుపు తీశాను.
ఊరంతా ఇంత గాలి!
గోరంత ముక్క,
దీనికి మాత్రం ఊపిరాడదు.
కాసేపలా బయటికి చాపి నిలబడ్డాను
వేళ్లు చల్లబడేదాకా.