తడిగుడ్డ

మార్కాపురం, తర్లుపాడు రోడ్డు.
షట్టరు సగం దించిన మా నెట్‌సెంటర్లో
మధ్యాహ్నం రెండింటికి
తెర మధ్యన పసుపు ముక్కోణం:
మెమరీ తక్కువగా ఉంది, కొన్ని మూసేయండి.

"ఏందమ్మాయ్, నాకు పింఛను లేదంటందా?"
ముందుకు వంగాడు కాశింవలి తాత.
ముప్పయ్యేళ్లు పలకలు కోసిన వేళ్లు
బల్ల అంచు మందాన్ని
వాటంతట అవే కొలుస్తున్నాయి.
వేలిముద్రల యంత్రానికి మాత్రం
పొద్దుటినుంచీ ఆనడం లేదు.

"లేదనట్లేదు తాతా. పలక నిండింది."

నోరు జారాక చెప్పక తప్పలేదు.
లోపలున్నది నాలుగు జీబీల పలక.
దాని మీద ఉన్నదే ఇది చదవగలదు.
చోటు చాలకపోతే ఒక మూల రాసింది
పుస్తకంలోకి ఎక్కించి, తుడిచి,
తుడిచినచోట కొత్తది రాస్తుంది.
పాతది మళ్లీ కావాలంటే
ఇంకో మూల తుడవాలి, పుస్తకం తెరవాలి.
పైకి మాత్రం అంతా పలకేనంటుంది.
లోపలికొచ్చిన ప్రతి ప్రోగ్రాముతోనూ ఒకటే మాట:
ఇదంతా నీదే, రాసుకో.

తాత నవ్వాడు, దగ్గు అడ్డం పడేదాకా.
"మా షావుకారూ అంతే.
గనంతా నీదేరా అనేవోడు,
పదిమందితోనూ."

పెట్టెలో డిస్కు గరగరమంటోంది.
రాసేది తక్కువ, తిరిగేది ఎక్కువ.
బాణం గుర్తు ఇటునుంచి అటు పోయేసరికి
గ్లాసులో టీ చల్లారింది.

"పుస్తకం గూడా నిండితే?"
నేనింకా అక్కడికి రాలేదు. ఆయన వచ్చేశాడు.
"అందుకే ఈ పసుపు బిళ్ల.
మనం మూయకపోతే ఏదో ఒకదాన్ని
అదే పడేస్తుంది, అడక్కుండా."

"పలక నిండటం ఏందమ్మాయ్,
తుడిచే చెయ్యి లేకగానీ."

ఎవరివో అడంగల్ కాగితాలు మూడు,
చెన్నై రైల్లో వెయిటింగు లిస్టు,
ఎవరో పిల్లాడి హాల్‌టికెట్ ఫొటో.
అన్నీ మూశాను. బిళ్ల పోలేదు.
తాత ఫారం సగంలో ఉంది, సేవ్ కాలేదు:
ఇంటిపేరు దూదేకుల. వయసు అరవైరెండు.
వృత్తి దగ్గర ఖాళీ.

ఇంకొకటుంది.
పొద్దున్నే తెరిచి, అన్నింటి వెనక దాచుకున్నది.
గ్రూప్ ఫోర్ ఫలితాల పేజీ.
చక్రం తిరుగుతూనే ఉంది,
నాలుగోసారి రాసిన పరీక్ష,
ఇప్పుడో ఇంకాసేపటికో తెరుచుకునేదే.

మూసేశాను.

బాణం కదిలింది.
"వృత్తి ఏం రాయమంటావు తాతా?"
"పలకలు" అన్నాడు,
అదొక్కటే మాటలాగా.
తర్వాత యంత్రం వైపు చూసి
బొటనవేలు నాలుక్కి తడి చేసుకున్నాడు.