అద్దో, కోతి

కొండమీద కల్యాణకట్టలో
నా ముందర కూచున్న తలకాయల్ని లెక్కపెట్టడం
ఎప్పుడో మానేసినాను.
పెద్దోళ్ళు తల వంచుతారు, కళ్ళు మూసుకుంటారు.
పసిబిడ్డలే ఒప్పుకోరు.
నాయిన ఒళ్ళో కూచోబెట్టి, మేనమామ కాళ్ళు పట్టుకుని
జేజి గోవిందా గోవిందా అంటా ఉంటే
ఆ చిన్న గొంతులో అంత అరుపు యాడిదో!

దానికి నాకాడొక మందుండాది.
ఎడమచేత్తో మాడు పట్టుకుని
నీళ్ళు చిలకరించి
"అద్దో, కిటికీలో కోతి!" అంటాను.
బిడ్డ తల తిప్పుతుంది.
తిప్పిన పక్క కత్తి నడిపిస్తాను.
"ఇద్దో, ఈ పక్కన దాని పిల్ల!"
ఈ పక్కా అయిపోతుంది.
కోతి ఒకోసారి ఉంటుంది, ఒకోసారి ఉండదు.
గంధం పూసేసరికి ఎవురికీ గుర్తుండదు.

ఈ పొద్దు సోమవారం.
జీవకోనలో మా సందు మలుపున అంగన్‌వాడీ.
నీలం గోడ, గోడమీద అరటిపండు,
అరటిపండు కంటే చిన్న ఏనుగు.
నా కూతురికి కొత్త గౌను, పాత చెప్పులు.
పోయినేడు నేనే గుండు కొట్టిన తలమీద
ఇప్పుడిప్పుడే రెండు పిలకలకి సరిపోయేంత జుట్టు.
ఆ పిలకలు కట్టడానికి తెల్లారి అరగంట పట్టింది.
తీసేయడమే గానీ
జడేయడం నా చేతులకి అంతగా రాదు.

"పేరేందమ్మా?" అనింది చెంగమ్మ టీచరు.
పాప నా కుచ్చిళ్ళలోకి దూరింది.
"మోక్షిత" అన్నాను.
ఎవురి పేరో విన్నట్టు పాప నా మొగం చూసింది.
ఇంట్లో అది గంగులు.
జాతర వారంలో పుట్టిందని మా అత్త పిలిచిన పిలుపు.
రిజిస్టర్లో గంగులుకి చోటు లేదు.
టీచరు ఆధార్ కార్డు చూసి రాసుకునింది,
తూకం వేసింది.
పన్నెండు కిలోల మూడొందలు.
చంక దింపినా
ఆ బరువు చంకలోనే ఉండాది.

చాపమీద అప్పటికే ఏడ్చి ఏడ్చి ఆరిపోయినోళ్ళు నలుగురు.
ఒకడు చీమిడి తుడుచుకోకుండా బొరుగులు తింటా ఉండాడు.
గంగులు మొదలుపెట్టింది.
ఆ అరుపు నాకు తెలుసు,
రోజూ నా మోకాళ్ళ దగ్గర వినే అరుపే.
అయినా మాడు పట్టుకునే నా ఎడమచెయ్యి
ఎవురిదో అయినట్టు వేలాడతా ఉండాది.
"నువ్వు పో మునెమ్మా, నువ్వుంటే అది మానదు" అనింది ఆయా.
తొమ్మిదిన్నర బస్సు తప్పితే ఆబ్సెంటు.

అప్పుడు, నోరు తనంతట తనే అనింది:
"అద్దో గంగులూ, కిటికీలో కోతి!"

తల తిప్పింది.
నేను బయటపడినాను.

అలిపిరి దాటి బస్సు ఘాట్ రోడ్డెక్కినాక,
మలుపు మలుపుకీ ఒళ్ళు ఒక పక్కకి ఒరుగుతా ఉంటే
గుర్తుకొచ్చింది.
ఆ కిటికీ రెక్కలు మూసుండాయి.

ఆ రోజు నా ముందరికొచ్చిన మొదటి బిడ్డకి
కోతిని చూపించలేదు.
ఏడవనిచ్చినాను.
వాళ్ళ నాయిన విసుక్కున్నాడు,
గుండు మాత్రం నున్నగా వచ్చింది.

రాత్రి ఏడుకి ఇల్లు చేరితే
గంగులు గడపలో కూచోనుండాది.
ఒక పిలక ఊడిపోయింది.
చెంపమీద గుడ్డు పచ్చసొన, ఎండిపోయి.
మధ్యాన్నానికే ఆటలో పడిందంట,
బొరుగుల పిల్లోడితో జట్టంట, అత్త చెప్పింది.
అలగలేదు, ఏడవలేదు.
దగ్గరికొచ్చి నా వేలు పట్టుకుని అడిగింది:
"అమా, కోతి యాడ?"

వేలమంది బిడ్డలకి చూపించినాను.
గంధం పూసుకుని బస్సెక్కి
ఎవురి ఊరికి వాళ్ళు పోయినారు.
ఒక్కరూ తిరిగొచ్చి అడగలేదు.

"పొయ్యిందే" అన్నాను.
"రేపొస్తాదా?"

దాన్ని ముందర కూచోబెట్టుకుని
ఊడిన పిలక మళ్ళా కట్టినాను,
రబ్బరు బ్యాండు మూడు చుట్లు.
ఎవురూ పట్టుకోకుండానే
తల కదల్చకుండా కూచునింది.