ఇరవై నిమిషాలు

పామిడి దాటినాక బండి నిలబడింది.
చీనీకాయల లోడు, పెన్న మీంచి వడగాలి.
ఫోన్ చేస్తే
"ఇరవై నిమిషాలన్నా, వస్తాండాం" అన్నారు.

మూడుసార్లు చేసినా. అదే ఇరవై.
బండి నీడ రోడ్డు దాటుకొని
అవతలి బీడులోకి పోయింది.

పొద్దు గూకినాక వచ్చినారు ఇద్దరు.
నా మొగం సూడలేదు.
నంబర్ ప్లేటుకు ఫోటో తీసి
"లెక్క ముందు" అన్నాడు పెద్దోడు.
కొక్కెం తగిలించి గుంజితే
బంపర్ ఊడొచ్చింది.
"పాత బండి గదా" అని నా ఒళ్లో పెట్టినాడు.

తిట్టేకి నోరు తెరిచినా.
వాని ఫోన్ మోగింది.
పక్కకు తిరిగి, గొంతు తగ్గించి,
"పండుకోవాకు నాయనా,
ఇరవై నిమిషాలు,
వస్తాండా."

దావలో ఇంకో లారీ కాడ ఆగి
మేం అనంతపురం చేరేతలికి రాత్రి రెండు.
బంపర్ నా ఒళ్లోనే ఉంది.