సూది మొన

దానికి మణికట్టు దాకానే తెలుసట.
ఆ చివర ఏం తగిలించామో,
టార్చి ఎంత పొడుగో, తీగ ఎటు వంగిందో
మనం చెప్పేదాకా తెలీదట.
"ముందు దాని వేలి కొస దానికి చూపించాలి" అంది
ఝాన్సీ మేడం,
బల్ల మీద ఓ ఇనప సూదిని నిలబెట్టి.

ఆటోనగర్లో ఎనిమిదేళ్లు పవర్ ప్రెస్ తొక్కాను.
లారీ తలుపుల మడతబందులు, రోజుకి రెండువేల ముక్కలు.
ఒక మే నెల మధ్యాహ్నం, బెజవాడ ఎండకి
రేకూ చెమటా నిద్రా ఒకటైపోయిన వేళ
ఎడమ చూపుడువేలి చివర
అచ్చు కింద ఉండిపోయింది.
మీరావలి మేస్త్రి గుడ్డ చుట్టి, స్కూటరెక్కించుకుని
ఆస్పత్రి దాకా నన్నే తిట్టాడు.
ఆ తిట్లు లేకపోతే స్పృహ తప్పేవాణ్ణి.

ఇప్పుడు అదే చేతిలో పెండెంట్.
దాని వీపున ఒక మీట.
వదిలేస్తే రోబో ఆగిపోతుంది.
భయపడి గట్టిగా పిసికినా ఆగిపోతుంది.
కిక్కిరిసిన సిటీబస్సులో ఎవరో
ఒళ్లో పెట్టిన పసిబిడ్డని పట్టుకున్నట్టు
మధ్యస్తంగా పట్టుకోవాలి.
నాది మూడున్నర వేళ్ల పట్టు.
ప్రెస్సుకి ఇలాంటి మీట లేదు.
ఉండేదేమో,
ముక్కల లెక్క తగ్గుతోందని ఓనర్ పీకించాడేమో.

మొదటిసారి నిటారుగా దింపాను.
సూదికీ తీగకీ మధ్య కాగితం దూరనంత సందు.
రెండోసారి ఎడమకి వాల్చి.
మూడోసారి గుద్దేశాను. సూది వంగింది.
వెనక నిలబడ్డ గుడివాడ కుర్రాళ్లు నవ్వారు.
వాళ్లది బీటెక్. నాది టెన్త్, అదీ సప్లిమెంటరీలో.
మేడం కటింగ్ ప్లేయరుతో సూదిని సరిచేసి
"మళ్లీ" అంది.
అంతే.
తిట్టు లేకుండా నేర్చుకోవడం నాకు అలవాటు లేదు,
కాసేపు చేతులాడలేదు.

నాలుగు వైపుల నుంచీ ఒకే చోటు తాకిస్తే
లోపల ఏం లెక్కేసుకుంటుందో గానీ
తన కొస ఎక్కడుందో దానికి తెలిసిపోతుంది.
తెర మీద పడింది:
తేడా, సున్నా పాయింట్ ఏడు మిల్లీమీటర్లు.
"వెల్డింగుకి చాలదు. సగానికి రావాలి."

నా వేలికి తేడా పదకొండు మిల్లీమీటర్లు.
ఇప్పటికీ అది పాత కొలతే నమ్ముతుంది.
గుండీ పెట్టబోయి గాలిని నొక్కుతుంది,
పాప బుగ్గ మీద మెతుకు తీయబోయి
బుగ్గకి ఇవతలే ఆగిపోతుంది.
మూడేళ్లయింది,
ఎవరూ దానికి సూది చూపించలేదు.

సాయంత్రం షెడ్డు దగ్గర ఆగాను.
"ఏం నేర్చావురా?"
"దాని వేలు దానికి చూపించా."
మేస్త్రి టీ ఊదుకుంటూ ఆలోచించాడు.
"మరి మన ప్రెస్సులో పెడితే ఆ వేలూ పోద్దా?"
"పోద్ది. ఇంకోటి బిగిస్తారు."
ఆ తర్వాత తన పని సంగతి ఆయన అడగలేదు,
నేను ఎత్తలేదు.
పక్క షెడ్డులో ఎవరో రేకు కొడుతున్నారు.

"రేపెన్నింటికి?"
"తొమ్మిదికి."
"ఏదో ఒకటి తిని పో.
ఖాళీ కడుపుతో మిషన్ దగ్గర నిలబడమాక."