ఎనుముల బండ

తాడిపత్రిలో, కడప రోడ్డు మీద
పాలిషు ఫ్యాక్టరీలో రాతపని నాది.
ఎన్ని అడుగులు కోసినారు, ఎన్ని పగిలినాయి,
ఏ లారీ ఎప్పుడు కదిలింది.
రాతిపొడి పడీ పడీ
నా పద్దుల పుస్తకం దాని బరువుకంటే
పావుకిలో ఎక్కువే తూగుతుంది.

టైల్సు వచ్చినాయి గుజరాతు నుంచి,
అట్టపెట్టెల్లో గాజుల మాదిరి సర్దుకొని.
మా బండలకు పెట్టె యాడిది?
లారీలో వరిగడ్డి, దాని మీద బండ, మళ్ళా గడ్డి.
ఆరు మిషన్లలో నాలుగు నిలబడిపోయినాయి.

అప్పుడే ఓబుళపతి సారు ఏదో పాత బిల్లు వెతుకుతా
నా బల్లసొరుగు లాగినాడు.
అది ఏడ్పుల సొరుగు. తిట్టి రాసిన జాబులన్నీ
అందులోకి తోసి మూసేస్తాను నేను.
పైనున్నది కూడేరు పాలడైరీది:
"అయ్యా, మీ బండలు పరిపించిన పాపానికి
మా ఎనుము జారి తొడ ఇరగ్గొట్టుకుండాది.
అద్దాలు మీ ఇంట్లో పెట్టుకోండి.
మాకు కాలు నిలిచే రాయి కావాల."

సారు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.
నెల తిరక్కుండా జైపూరు పోయి
ఒక బ్రష్షు మిషను తెచ్చినాడు.
మెరుపు ఇచ్చేది కాదు, తీసేది.
ఇరవై ఏండ్లు మెరుపు అమ్మి బతికినోళ్ళం,
మెరుపు తీసేదానికి తొమ్మిది లక్షలా అని
పద్దు రాస్తా సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టినా.

మిషను వెంబడి బన్వారీ అనే మెకానిక్కు వచ్చినాడు.
పదకొండు దినాలు ఉగ్గాని బజ్జీ తిని
కండ్లనీళ్ళు తుడుచుకుంటా స్పీడు మార్చినాడు,
నీళ్ళ ధార మార్చినాడు, బ్రష్షులు మార్చినాడు.
బండ పెచ్చులు పెచ్చులుగా లేస్తానే ఉంది.
వాళ్ళ పుస్తకంలో ఉండేది గ్రానైటు కత.
మాది నాపరాయి,
అదే ఒక పుస్తకం, లోపలంతా పొరలు.

పన్నెండో దినం
కడిగే కాడ మాబున్ని, బండల్ని
ఒక్కొక్కటే తిప్పి పెడతాంది.
"ఏందమ్మా, పనిలేదా?"
"దువ్వెన ఎదురు పెడితే ఎంటికలు లేవవా సారూ?
రాయికీ వాలుంటాది. అరచేతికి తెలుస్తాది."
"మరి ఇన్నేండ్లూ చెప్పకపోతివే!"
"పాలిషుకు ఏ పక్క పెట్టినా ఒకటే కదా.
చెప్పి ఏం చేసుకుంటారు?"

పందొమ్మిదేండ్లు తడిబట్టతో తుడిచిన చెయ్యి.
జైపూరు మిషను వచ్చి అడిగేదాకా
దానికి తెలిసిందానికి ధర లేదు.

బన్వారీ హిందీ, ఆమె ఉర్దూ,
మా ఎవరికీ అంతుపట్టని వేగంతో
మధ్యాహ్నమంతా కొట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు.
ఆమె సుద్దముక్కతో ప్రతి బండ మీదా బాణం గీసింది.
అతను స్పీడు సగానికి దించినాడు.
సాయంత్రానికి ఒక బండ బయటికొచ్చింది,
ముసలి ఎనుము మెడ మాదిరి
ముడతలు ముడతలుగా, ఎక్కడా పెచ్చు లేకుండా.
సారు చెప్పులు విడిచి, బకెట్టు నీళ్ళు కుమ్మరించి
దాని మీద అటూ ఇటూ నడిచినాడు.
తర్వాత పరిగెత్తినాడు.

కూడేరులో మొదటి ఎనుము
గడప కాడ చానాసేపు వాసన చూసిందంట.
పెట్టిన కాలు మాత్రం తియ్యలేదంట.

సారు దానికి అచ్చు కాగితం మీద ఏదో ఇంగ్లీషు పేరు పెట్టినాడు.
హమాలీలు ఎనుముల బండ అంటారు,
ఆర్డర్లు ఆ పేరుతోనే వస్తాండాయి.
మాబున్నికి దినానికి నూరు పెంచితే
ఇంకో ఇద్దరికి నేర్పుతాను, వాళ్ళకూ పెంచమంది:
"నేనొక్కదాన్నే అయితే, నాకు జెరమొచ్చిన దినం
మీ తొమ్మిది లక్షలు పండుకుంటాది."
నా పుస్తకంలో కొత్త గడి గీసినా.
దాని పేరు బాణం.

ఇప్పుడు రోజూ సొరుగు తెరుస్తాండా.
నిన్న ధర్మవరం జాబు దొరికింది, మూడేండ్ల పాతది:
"మిద్దె మీద పరిచిన మీ బండ
రాత్రి పదైనా వేడి దిగదు. పిల్లోల్లు పండుకోలేకుండారు."
మాబున్నికి చదివి వినిపించినా.
ఆమె ఏమీ అనలేదు.
ఎండలో నిలబెట్టిన బండ మీద అరచెయ్యి ఆనించి
చానాసేపు తియ్యలేదు.