తీరని లోటు

పొద్దున్నే కమిషనర్ కబురు పెట్టినాడు:
"చెంగల్రాయులు పోయినాడు. పదకొండుకల్లా
సంతాప తీర్మానం టైపు చేసి పెట్టు."

పాత ఫైలు తెరిచినా.
ఇరవై రెండేండ్లుగా అదే కాగితం, పేరొక్కటే మారస్తా వచ్చినా.
మహానేత. అజాతశత్రువు. బడుగుల పెన్నిధి.
వీరి మరణం చిత్తూరు పట్టణానికి తీరని లోటు.

అజాతశత్రువు దగ్గర వేలు ఆగింది.
శత్రువులు పుట్టకపోవడమేంది, పుట్టినారు.
కొందరు ఆయన కంటే ముందు పోయినారు, అంతే.

ఆ గుట్టకింద పల్లె నాకు తెలుసు.
నల్లరాయి క్వారీ ఆయన బామ్మర్దిది.
సాయంత్రం పేలాల్సిన మందు
మధ్యాన్నమే పేలింది.
ఏకాంబరం అనే కూలి అప్పుడే సద్దిమూట విప్పతా ఉండినాడు.
స్టేషన్లో రాసుకున్నది: "కాలు జారి."
రాసిన చెయ్యి ఎవరిదో, రాయించిన గొంతు ఎవరిదో
ఊర్లో తెలియనోళ్ళు లేరు.

ఇంకో సంగతి కూడా తెలుసు, అది దాస్తే నేనూ దొంగనే.
నీవా ఏట్లో ఇసక తప్ప ఏమీ మిగలని కరువులో
ఆ పల్లెకే మూడు బోర్లు ఏయించినాడు.
నీళ్ళు పడేదాకా రిగ్గుబండి పక్కనే
మంచమేసుకోని రెండు రాత్రులు పండుకున్నాడు.
మా అమ్మకు కడుపులో గడ్డ పగిలిన రాత్రి
వేలూరికి తోలిన జీపు ఆయనదే.
నేను కూర్చున్న ఈ కుర్చీ కూడా ఆయన సంతకమే.
కాబట్టి నా మాట సగమే నమ్మండి.
ఏ సగమో నాకూ తెలీదు.

పదకొండున్నరకు హాలు నిండింది.
పోయిన నెల ఇదే మైకులో "రాళ్ళ దొంగ" అని తిట్టిన
కౌన్సిలర్ గజేంద్ర కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.
చచ్చినోడి కండ్లు చారెడంటారు గదా,
ఆ పూట చేటంత చేసినారు.
రోడ్డుకు పేరు. సర్కిల్లో విగ్రహం.
విగ్రహం చెయ్యి ఎటు చూపించాలని అరగంట మాట్లాడుకున్నారు.
గుట్ట వైపు మాత్రం వద్దన్నారెవరో.
ఎందుకని ఎవురూ అడగలా.

నేనొక వాక్యం చేర్చిపెట్టినా, చిన్నదే:
క్వారీలో పోయిన ఏకాంబరం ఇంటికి
పరిహారం ఇంతవరకు అందలేదని ఈ సభ గుర్తు చేసుకుంటున్నది.
కమిషనర్ ఎర్ర పెన్నుతో కొట్టేసినాడు,
కోపంగా కాదు, కూరలో ఎంట్రుక తీసేసినట్టు.
"చావింట్లో లెక్కలడగరు నాయనా."
బతికుండంగా భయం. పోయినాక మర్యాద.
ఆ రెంటికీ మధ్య ఖాళీగా ఉండే రోజేదో
ఆయన చెప్పలా, నేనడగలా.

రెండు నిమిషాల మౌనం.
ఫ్యాన్ల కిర్రు. ఎవరిదో ఫోన్లో సుప్రభాతం మోగి ఆగిపోయింది.
గుమ్మం దగ్గర చీపురు పట్టుకోని కన్నెమ్మ,
ఏకాంబరం పెండ్లాం, మా ఆఫీసు స్వీపరు.
ఆమెకు ఆ పని ఎవురిప్పించినారో
నేను వేరే రాయక్కరలేదు.
అందరూ కూర్చున్నాక కూడా ఆమె తల వంచే ఉండింది.

బంతిపూలు ఊడస్తా అడిగింది:
"అందులో మా యాన పేరు పడిందా సామీ?"
"పడింది. కొట్టేసినారు."
"కొట్టేసినా చదవను వస్తాదా?"
కాగితం కిటికీ వెలుతురుకు పట్టి చూసినా.
వస్తా ఉంది.
"అయితే దాన్ని చించబాకు," అనింది.

వారానికి వాన పట్టింది.
గాంధీ రోడ్డులో ఆయన ఫ్లెక్సీలు దించతా ఉంటే
పెద్దదొకటి మడిచి సంకన పెట్టుకోని పోయింది కన్నెమ్మ,
ఇంటి రేకులు కారతా ఉండాయని.

మర్నాడు ఉండబట్టలేక అడిగినా:
"బొమ్మ పైకేసినావా, లోపలికా?"

"లోపలికేస్తే రేతిరంతా నన్నే చూస్తాడు గదా సామీ.
పైకే ఏసినా.
తడవనీ, కొంచెం."