గాలి లెక్క

డాల్డా డబ్బా మూత సుత్తితోని కొడితే గని రాలేదు.
లోపల ఏడు మూటలు,
ఏడు తీర్ల పాత పేలికలు.
ఒకటి మా అవ్వ చీరెదని గుర్తుపట్టిన,
నీలం మీద తెల్ల చుక్కలు.

మా తాత బోయ ఆశప్పకు అక్షరం రాదు.
మాలీపటేలు ఇంటికి తుపాకుల దోస్తులొచ్చే కాలంల
నాలుగొద్దులు ముందుగాల పోయి
జింకల జాడ సూసొచ్చుడు ఆయన పని.
ఏ చెల్కల ఎన్ని, ఏ పొద్దుకు వస్తయి, ఎటుకెల్లి పోతయి,
అన్నీ మూటగట్టుకొస్తుండె:
చారెడు మన్ను, ఎండిన పెంటికలు,
ముడులేసిన నులక తాడు.
పెద్ద ముడి నల్ల ఇర్రి. చిన్న ముడి లేడి.
ముడి పక్కన పోగు లేసి ఉంటే పిల్ల.
తుపాకి పేలినంక కాళ్ళు, పేగులు ఆయన వంతు.
కొమ్ములు పటేలు గోడకు.

ఇప్పుడు నాకు ఫారెస్టోళ్ళ దగ్గర
జింకలు లెక్కబెట్టే కొలువు.
రేంజర్ సారు రిజిస్టర్ ఇచ్చిండు:
తారీఖు, సర్వే నంబరు, పోతు, పెంటి, పిల్ల.
వానలు పడకముందే గుడ్డతెరలు గట్టి, అందులకు తోలి,
లారీలెక్కించి యాడనో అడివిల ఇడుస్తరంట.
"పాత గుర్తులు ఏమన్న ఉంటే అవి గూడ ఎక్కియ్యి తాయమ్మా."

మొదలు పట్టాదార్ల పేర్లతోని పేర్చిన.
బస్సిరెడ్డి చెల్క ఇప్పుడు మూడు ముక్కలు,
ఒక ముక్కల సోలార్ పలకలు పండుకున్నయి.
ఖాజామియా తోట కొన్నోని మొకం
మక్తల్ దాక ఎవ్వరు సూడలేదు.
సరే, సర్వే నంబర్లతోని పేర్చిన.
రాత్రి గెట్టు దుంకిన డెక్కకు
నూటపన్నెండు అ ఏంది, నూటపన్నెండు ఆ ఏంది?

మూడోనాడు పొద్దుగూకంగ
నిలువురాళ్ళ బీడుల రాయి చాటుకు కూసున్న.
మెడ ఎనక సల్లగ తగిలింది గాలి.
అంత దూరంల మంద మంతా ఒక్కసారే తలలెత్తింది.
నా వాసన నాకంటె ముందుగాల పోయింది.

ఇంటికొచ్చి దీపం కాడ మూటలు మళ్ళ తిరగేసిన.
మూతికాడి ముడి కొన్నిటికి ఎడమకు, కొన్నిటికి కుడికి.
ఎడమవి ఆషాఢం పడమటి గాలివి,
కుడివి చలికాలం తూర్పువి.
తాత చెల్కలను పేర్చలేదు.
గాలి ఎటు మళ్ళితే ఏ చెల్కల కూసోవాల్నో
అది పేర్చుకున్నడు.
రిజిస్టర్ల గాలికి గడి లేదు.
తారీఖు పక్కన సందు సూసుకొని సన్నగ రాసిన.

మంచంల కెల్లి మా హనుమేషు లేసి కూసున్నడు.
రాత్రంత రేకు డబ్బా కొట్టి కొట్టి
కండ్లు చింతనిప్పులు.
మా పెసరచేను రెండుమార్లు మేసినయి,
మొలక మొలక కొరికి మోడు పెట్టినయి.
"వాటి లెక్క నువ్వు రాస్తున్నవు,
మన లెక్క ఎవడు రాస్తడు?" అన్నడు.
జవాబు రాలేదు నాకు. నీళ్ళిచ్చిన.
తాగి, అటు తిరిగి పండుకున్నడు.

ఆఖరుకు అవ్వ చీరె మూట ఇప్పిన.
నల్లమన్ను. పిడికెడు గడ్డి,
పిల్ల ఒదిగి పండుకున్న కాడి గడ్డి,
ఇన్నేండ్లకు గూడ ఒంపు పోలేదు.
తాడు ఉంది. ముడి ఒక్కటి లేదు.
మూతికి గూడ ముడి లేదు, ఊకెనే మడిచిండు.

ఆ మన్ను నాకు ఎరికే.
కృష్ణ ఒడ్డు మీద, తుమ్మలు దాటినంక,
పటేలు జీపు దిగబడ్డ మూల.
"ఆడ ఏం లేవు దొరా" అని
మా తాత చేతులు కట్టుకొని చెప్పి ఉంటడు,
పండ్లు కనపడకుండ.
మొన్న నేను పదకొండు సూసిన ఆడ.
రెండు పిల్లలు, చెవులు తప్ప కదలక.

ఆరు చెల్కలు నీలం సిరాతోని ఎక్కించిన.
ఏడోదానికి మా బిడ్డ బడిసంచిల చెయ్యిపెట్టి
పెన్సిల్ తీసిన, ఎనక రబ్బరున్నది.
పదకొండు అని రాసిన.
సారు రేపు పదిగంటలకు వస్తనన్నడు.
కిటికీ రెక్క దానంతటదే తెరుసుకుంది.
గాలి ఎటుకెల్లో సూద్దామని లేసిన.